పేరుకి అర్థం చూడాలా? చూడాలి, కానీ ఏ అర్థం?

మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో పంచాయితీ ఇదీ. పాప పుట్టి రెండు వారాలైంది, ఇరవై ఒకటో రోజున బారసాల. మీకు ఇంటర్నెట్‌లో ‘కియాన్షి’ అనే పేరు దొరికింది, పక్కన ‘లక్ష్మీదేవి అంశ’ అని అర్థం రాసి ఉంది. మీ అత్తగారిది అనకాపల్లి. కాలం చేసిన వాళ్ళమ్మ పేరు ‘నూకరత్నం’ పెట్టాలని ఆవిడ పట్టు. పంతులుగారేమో హస్త మూడో పాదం, ‘ణ’ అక్షరం రావాలన్నారు. మీ ఆయన మాత్రం ‘అర్థాలు ఎవడు చూస్తాడు, పిలవడానికి బాగుంటే చాలు’ అంటున్నారు. అసలు అర్థం చూడాలా, అక్కర్లేదా అన్నది మీ ప్రశ్న.

నేను విజయనగరం జిల్లాలో ప్రభుత్వ హైస్కూళ్ళలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా రోజు హాజరు పట్టీతోనే మొదలయ్యేది. పేరు పిలిస్తే ఏ పిల్ల గొంతెత్తి పలుకుతుందో, ఏ పిల్ల తల దించుకుని చెయ్యి మాత్రం ఎత్తుతుందో క్లాసు టీచరుకి తెలిసినట్టు కన్నవాళ్ళకి కూడా తెలియదు. ఇప్పటికీ నా పాత విద్యార్థులు తమ పిల్లల పేర్ల కోసం ఫోన్లు చేస్తుంటారు. అందుకని ఈ విషయంలో నాకు కాస్త గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. నచ్చనివి వదిలేయండి.

అర్థం చూడాలి. కాకపోతే మనవాళ్ళు చూడాల్సిన అర్థాన్ని వదిలేసి అక్కర్లేని అర్థం కోసం కొట్టుకుంటారు. వినగానే చెవికి తగిలే అర్థం ఒకటుంటుంది, దాన్ని బిడ్డ రోజూ మోస్తుంది. నిఘంటువు తీస్తే గానీ తెలియని అర్థం ఇంకొకటి, దాన్ని ఎవరూ మొయ్యరు.

రెండోదానికి ముందు ఉదాహరణలు చెబుతాను. అపర్ణ అంటే ఆకు లేనిది. శివుడి కోసం తపస్సు చేస్తూ పార్వతి చివరికి ఆకులు తినడం కూడా మానేసింది కాబట్టి ఆ పేరొచ్చింది. అపర్ణ అని పిలిస్తే మీకు ఆకులు గుర్తొస్తాయా? భీముడు అంటే భయంకరుడు, రుద్రుడంటే ఏడిపించేవాడు, ద్రోణం అంటే దొన్నె, సీత అంటే నాగటి చాలు. భీమారావు గారిని చూసి ఎవరూ జడుసుకోలేదు. దుర్యోధనుడి పేరుకి నిఘంటువులో చెడ్డ అర్థమేమీ లేదు, యుద్ధంలో గెలవడానికి కష్టమైనవాడు అంతే. అయినా మీ పరిచయస్తుల్లో ఒక్క దుర్యోధనరావు ఉంటే చెప్పండి. విభీషణుడు ధర్మం వైపు నిలబడ్డవాడే కదా, ఆయన పేరు కూడా మన ఇళ్ళలో పెట్టుకోం. ఇంటిగుట్టు బయటపెట్టినవాడన్న మాట ఆ పేరుకి అతుక్కుపోయింది. సంస్కృతం పేర్ల విషయంలో మనం వినేది ధాతువుని కాదు, ఆ పేరు మోసిన మనిషి కథని. ఈ మేరకు మీ ఆయన మాట నిజమే. ‘పేరు గంగాభవాని, తాగబోతే నీళ్ళు లేవు’ అన్న సామెత పుట్టించిన జనానికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

కానీ అచ్చ తెలుగు పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆయన మాట చెల్లదు. ఎందుకంటే అవి అందరికీ అర్థమవుతాయి.

ఎనిమిదో తరగతిలో నా దగ్గర పెంటమ్మ అనే అమ్మాయి చదివేది. మంచి దస్తూరి, పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేసేది. హాజరు పిలిచేటప్పుడు మాత్రం ఆ పేరు దగ్గరకొచ్చేసరికి వెనక బెంచీల్లో గుసగుస మొదలయ్యేది. ఆ పిల్ల ‘ప్రెజెంట్ మేడమ్’ అని కూడా అనేది కాదు, చెయ్యి ఎత్తి వెంటనే దించేసేది. పదో తరగతికి వచ్చాక, నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా) పంపే ముందు, వాళ్ళ నాన్న బడికొచ్చాడు. పేరు మార్చడం వీలవుతుందా అని అడగడానికొచ్చి, అడగడానికే భయపడుతున్నాడు. ‘దీనికి ముందు ముగ్గురు పోనారమ్మా. దీన్ని పెంటకుప్ప మీద ఎట్టి తీసినాం, ఇది దక్కింది. ఇప్పుడు పేరు మారిస్తే ఏటవుద్దో అని మాయమ్మ బయపడతంది’ అన్నాడు. పిల్ల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ‘మార్చండి మేడమ్’ అంది, వాళ్ళ నాన్నకి వినపడకుండా. హెడ్మాస్టారు పైవాళ్ళకి రాసి అనుమతి తెప్పించారు. మెమో మీద ‘పద్మ’ అని వచ్చింది. ఇంట్లో నాయనమ్మ మాత్రం ‘పెంటా’ అనే పిలిచేది, ఆ పిల్ల పరుగెత్తుకుంటూ పోయేది. ఆ ఇంట్లో ఆ మాటకి బతికి బట్టకట్టిన పిల్ల అని అర్థం. బడిలో ఆ అర్థం ఎవరికీ తెలియదు కాబట్టి పెంట అంటే పెంటే.

పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోతుంటే మృత్యువు కన్నుగప్పడానికి పెట్టిన పేర్లు మనకి బోలెడున్నాయి. మా ఉత్తరాంధ్రలో బిడ్డని చేటలో పడుకోబెట్టి, ఎవరికో తవుడుకి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ కొనుక్కునేవాళ్ళు. ఆ బిడ్డ తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. తెలంగాణలో బిక్షపతి, బిక్షమయ్య అంటే దేవుడు భిక్షగా పెట్టిన బిడ్డ. ఇవన్నీ ప్రేమతో పెట్టినవే, ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది కూడా లేదు, ఎందుకంటే ఊరందరికీ వెనకున్న కథ తెలుసు. ఊరు దాటాక కథ వెంట రాదు, మాటొక్కటే వస్తుంది.

ప్రేమ లేకుండా పెట్టిన పేర్లూ ఉన్నాయి. మహారాష్ట్ర సతారా జిల్లాలో ఆడపిల్లలకి ‘నకుశ’ అని పెట్టేవాళ్ళు, అంటే అక్కర్లేనిది. 2011లో అక్కడి జిల్లా యంత్రాంగం 285 మంది ఆడపిల్లలకి ఒకేసారి పేర్లు మార్పించింది, చాలామంది పిల్లలు తమ కొత్త పేర్లు తామే ఎంచుకున్నారు. అర్థంతో పనేముంది అనేవాళ్ళని ఒక్క ఏడాది నకుశగా బతికి చూడమనాలి.

ఇంకా వెనక్కి వెళ్తే మనుస్మృతి. రెండో అధ్యాయంలో ఆడపిల్లల పేర్ల గురించి మంచి మాటే ఉంది: ‘సుఖోద్యమ్’, పలకడానికి హాయిగా ఉండాలి, ‘విస్పష్టార్థమ్’, అర్థం తేటగా ఉండాలి. బారసాలల్లో ఈ శ్లోకం చెప్పి అందరూ తలూపుతారు. దానికి రెండు శ్లోకాల ముందున్నది మాత్రం ఎవరూ చెప్పరు. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడిది బలం తోచేలా, వైశ్యుడిది ధనం తోచేలా ఉండాలట. శూద్రుడి పేరు ‘జుగుప్సితమ్’, అసహ్యం పుట్టించేలా ఉండాలట. పేరు వినగానే మనిషిని ఏ గట్టున నిలబెట్టాలో తెలిసిపోవాలని అంత పకడ్బందీగా రాసి పెట్టుకున్నారు. మన ఊళ్ళలో దీన్ని ఇంకా సులువు చేశారు: అందరూ రాముడి పేరే పెట్టుకున్నా ఒకడు రామయ్యగారు, ఒకడు రామిగాడు. అందుకే చదువుకున్న మొదటి తరం దళిత కుటుంబాల్లో, బీసీ కుటుంబాల్లో తండ్రులు పిల్లల పేర్ల విషయంలో ఎంత పట్టుదలగా ఉండేవాళ్ళో నేను కళ్ళారా చూశాను. బడిలో చేర్చేటప్పుడు కాగితం మీద పూర్తిపేరు రాయించుకొచ్చేవాళ్ళు, ‘ఇలాగే రాయండి, ఒక్క అక్షరం తగ్గించొద్దు’ అని. వాళ్ళకి అర్థం చాదస్తం కాదు.

ఇక మీ అత్తగారి నూకరత్నం దగ్గరికి వద్దాం. ఇక్కడ విషయం కొంచెం తమాషాగా ఉంటుంది.

మన పాత పేర్లలో చాలా వాటికి నిఘంటువు అర్థం కంటే చిరునామా ముఖ్యం. అప్పలరాజు, అప్పలనాయుడు, సింహాచలం అంటే సింహాచలం అప్పన్న తాలూకు. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం వైపు. ఓబులేసు, ఓబులరెడ్డి అంటే అహోబిలం నరసింహస్వామి, పెంచలయ్య అంటే నెల్లూరు పక్క పెంచలకోన. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న, సమ్మయ్య, సారక్క అంటే మేడారం. తెలంగాణలో అయితే ఊరి పేరే మనిషికి పెట్టేస్తారు: యాదగిరి, శ్రీశైలం, తిరుపతి. దర్గాకి మొక్కుకుని పుట్టిన హిందువుల పిల్లలు మస్తానయ్యలు, దస్తగిరులు అవుతారు. వీటి అర్థం వెబ్‌సైట్‌లో వెతికితే దొరకదు. కానీ పేరు చెప్పగానే ఆ మనిషి ఏ వైపువాడో, వాళ్ళింట్లో ఎవరు ఎవరికి మొక్కుకున్నారో సగం జాతకం తెలిసిపోతుంది.

నూకరత్నం అలాంటిది. అనకాపల్లి నూకాలమ్మ అమ్మవారు, ఉగాది ముందు కొత్త అమావాస్యకి జాతర. ఆ చుట్టుపక్కల నూకరాజులు, నూకాలులు, నూకరత్నాలు ఇంటికొకరుంటారు. అక్కడ ‘నూకరత్నం’ అంటే చెవికి అమ్మవారే వినిపిస్తుంది. అదే పేరు హైదరాబాదు బడిలో పిలిస్తే నూకలు వినిపిస్తాయి. ‘భూమ్మీద నూకలు చెల్లాయి’ అన్న మాటొకటి మనకి ఉండనే ఉంది, దాన్ని వాడకుండా ఏ తెలుగు పిల్లాడూ ఊరుకోడు. పేరు అదే, మీ అత్తగారి చెవి వేరు, మీ పాప పక్కన కూర్చోబోయే పిల్లల చెవి వేరు. మీరిద్దరూ పోట్లాడుకోవాల్సిన పనే లేదు, ఇద్దరికీ వినపడుతున్నది నిజమే.

ఇప్పుడు కియాన్షి. కోప్పడకండి.

ఈ పేరుకి ‘లక్ష్మీదేవి అంశ’ అన్న అర్థం ఎక్కడా లేదు. ‘అంశ’ సంస్కృతం మాటే, భాగం అని. ముందున్న ‘కియా’కి లక్ష్మితో ఏ చుట్టరికమూ లేదు. సంస్కృతంలో ‘కియాన్’ అంటే ‘ఎంత’ అని. కియాన్ అంశః అని విడదీస్తే ‘వాటా ఎంత?’ అని వస్తుంది. ఆస్తి పంపకాల నాడు బాగా పనికొస్తుంది. ఇంకో మాట, శ ముందు మనం సున్నా పెడతాం: అంశం, వంశం. స ముందు కూడా అంతే: హింస. ‘న్షి’ అన్న ఆ గుత్తి తెలుగుదీ కాదు, సంస్కృతందీ కాదు. ఉత్తరాదివాళ్ళు ‘అంశ్’ని ఇంగ్లీషులో రాస్తే, ఆ ఇంగ్లీషుని చూసి మనం మళ్ళీ తెలుగులోకి ఎక్కించుకున్నాం. రేయాన్ష్ కథా అంతే. ‘సూర్యకిరణాల అంశ’ అని రాస్తారు, ఆ ‘రే’ ఇంగ్లీషు కిరణం! ఈ వెబ్‌సైట్లు పాతిక అక్షరాలు అటూ ఇటూ కలిపి పేరు చేస్తాయి, పక్కన లక్ష్మి, విష్ణువు, సూర్యుడు, వీళ్ళలో ఒకర్ని కూర్చోబెడతాయి. ఎక్కడైనా అర్థం ‘దేవుడి బహుమతి’ అనో ‘ప్రత్యేకమైనది’ అనో కనిపిస్తే అనుమానించండి.

అలాగని కియాన్షి పెట్టకూడదని అనను. వినడానికి బాగుంది, చెవికి చెడ్డ అర్థమేమీ తగలదు. అర్థం లేని పేరు పెట్టుకుంటున్నాం, శబ్దం నచ్చింది అని తెలిసి పెట్టుకుంటే ఏ తప్పూ లేదు. లక్ష్మీదేవి అని నమ్మి పెట్టుకుని, పాపకి పదేళ్ళొచ్చాక ‘అమ్మా, మా సంస్కృతం మేడమ్ అలాంటి మాట లేదన్నారు’ అని వచ్చి అడిగితే మాత్రం మీ దగ్గర సమాధానం ఉండదు. లక్ష్మే కావాలంటే ఇందిర, రమ, కమల, పద్మజ, సింధుజ, హరిణి... ఎన్ని లేవు? (హరిణి అంటే ఆడజింక, లక్ష్మికీ పేరే.)

అర్థం సరిచూసేటప్పుడు దీర్ఘాలు మాత్రం జాగ్రత్త. మాలిని అంటే పూలమాల వేసుకున్నది, చక్కటి పేరు. దీర్ఘం పోతే ‘మలిని’, దాని అర్థం అమరకోశంలో చూసుకోండి, నేను ఇక్కడ రాయను. ఇంగ్లీషులో రెండూ ఒకేలా రాస్తాం కాబట్టి, తెలుగు రాని కొత్త టీచరు మాలినిని ఏమని పిలుస్తారో చెప్పలేం. జ్ఞాపిక అని పెట్టుకున్నవాళ్ళున్నారు, సభల్లో శాలువాతో పాటు ఇచ్చేది అదే. అనామిక అంటే పేరు లేనిది. పేరుగా పెట్టుకోవడానికి కాస్త హాస్యం తెలిసుండాలి, నాకైతే ఇష్టమే.

పక్క భాషలోనూ ఒకసారి వినండి. హిందీవాళ్ళు ఆడపిల్లని ముద్దుగా ‘గుడ్డి’ అంటారు, బొమ్మ అని. మన దగ్గర ఆ పిల్ల బడికెళ్తే ఇంకేమైనా ఉందా? ముస్లిం కుటుంబాల్లో ఆసియా అన్న పేరుంది, ఫరో భార్య, గొప్ప భక్తురాలు. అరబ్బీలో వేరే అక్షరాలతో రాసే ఇంకో ఆసియా ఉంది, దానికి మాట విననిది అని అర్థం. ప్రవక్త ఆ పేరున్న ఒకామెకి జమీలా అని మార్చారని హదీసుల్లో ఉంది. తెలుగులో రాస్తే రెండిటికీ తేడా లేదు. అందుకే మా స్కూల్లో ఉర్దూ మాస్టారు అడ్మిషన్ల రోజుల్లో పిల్లల పేర్లు అరబ్బీలో ఎలా రాస్తారో అడిగి తెలుసుకునేవారు. బైబిల్లోనూ ఇలాంటిదొకటి ఉంది. రాహేలు ప్రసవంలో ప్రాణం పోతూ కొడుక్కి బెనోని అని పెట్టింది, నా దుఃఖపు కొడుకు అని. తండ్రి యాకోబు ఒప్పుకోలేదు, బెన్యామీను అని మార్చాడు, కుడిచేతి కొడుకు. తల్లి బాధని బిడ్డ జీవితాంతం మోయనక్కర్లేదని ఆయనకి తోచింది. సరైన పని చేశాడనే నేనంటాను.

అన్నిటికన్నా బలమైన అర్థం మాత్రం ఎందుకు పెట్టారన్నదాంట్లో ఉంటుంది. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన కొడుక్కి లవణం అని పెట్టారు. 1930, ఉప్పు సత్యాగ్రహం సాగిన ఏడు. ఇంకో కొడుకు పేరు సమరం. నిఘంటువు ప్రకారం ఒకరు ఉప్పు, ఒకరు యుద్ధం! ఏ వెబ్‌సైటూ ఈ పేర్లు సిఫారసు చెయ్యదు. లవణం గారు, ఆయన భార్య హేమలతా లవణం స్టువర్టుపురంలో నేరస్థ జాతులన్న ముద్ర పడినవాళ్ళ మధ్య పనిచేశారు. డాక్టర్ సమరం గారి పేరు ఆరోగ్యం మీద తెలుగులో చదివే ప్రతి ఇంటికీ తెలుసు. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం ఆ పేరుతోనే తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టారు. కృష్ణా, గుంటూరు, ఖమ్మం వైపు స్టాలిన్‌లూ లెనిన్‌లూ ఇప్పటికీ కనిపిస్తారు. ఝాన్సీ అయితే ఒక ఊరి పేరు, లక్ష్మీబాయి పుణ్యమా అని మన తెలుగు ఆడపిల్ల పేరైపోయింది. పిల్లలు ఏదో ఒక రోజు ‘నాకీ పేరెందుకు పెట్టారు’ అని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఒక నిజమైన ముక్క ఉంటే చాలు, అది పెద్ద ఉద్యమమే కానక్కర్లేదు.

పంతులుగారి ‘ణ’ గురించి అసలు బెంగ పెట్టుకోకండి. హస్తకి పూ, ష, ణ, ఠ. ణతో తెలుగులో మాట మొదలవదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. నతో కానిచ్చేస్తారు. ఇంకా మంచి దారి ఆ తంతులోనే ఉంది: పళ్ళెంలో బియ్యం పోసి తండ్రి ఉంగరంతో రాసేటప్పుడు ఒక్క పేరే రాయరు. మాసనామం, నక్షత్రనామం, వ్యవహారనామం అని విడివిడిగా రాస్తారు. వ్యవహారానికి వేరే పేరు ఉంటుందని పెద్దవాళ్ళు ముందే ఒప్పుకున్నారన్నమాట. నక్షత్రం పేరు పంతులుగారిని అడిగి రాయించెయ్యండి, అది సంకల్పానికి పనికొస్తుంది. బడికి మీరు కోరుకున్నది.

అత్తగారి సంగతి. ‘పెద్దల పేరు పెడితే ఆ పేరు ఇంట్లో నిలుస్తుంది’ అంటారు. మా పుట్టింట్లో ఏమైందో చెబుతాను. మా అన్నయ్యకి తాతగారి పేరు పెట్టారు. మామగారి పేరు నోటితో అనకూడదు కాబట్టి మా అమ్మ జన్మలో వాణ్ణి ఆ పేరుతో పిలవలేదు, ‘పెదబాబూ’ అనేది. అమ్మని చూసి మేమూ అంతే. అంత గౌరవంగా పెట్టిన పేరు పెళ్ళి శుభలేఖలో చూసి చుట్టాలు ‘ఇదెవరూ?’ అన్నారు. మీ ఇంట్లో ఇప్పుడు ఆ పట్టింపు ఉండకపోవచ్చు. అయినా మీ అత్తగారు తన కన్నతల్లి పేరు పెట్టి, ఆ పాపని అన్నం తినలేదని కేకలేస్తూ తిట్టగలరా? నవ్వుతూనే అడిగి చూడండి.

ఆవిడకి కావలసింది ఆ నాలుగక్షరాలూ యథాతథంగా కాకపోవచ్చు, వాళ్ళమ్మ గుర్తు. అందుకే నా సలహా, ‘రత్నం’ ఉంచండి, ‘నూక’ని బియ్యంలో రాయించండి. బియ్యంలో నూకరత్నం అని పూర్తిగా, వీలైతే మీ అత్తగారి చేతే రాయించండి. రోజువారీకి రత్న అని ఉత్తినే పెట్టినా బాగుంటుంది, ఈ మధ్య ఎవరూ పెట్టడం లేదు కాబట్టి క్లాసులో ఇంకొకరుండరు. కాస్త పెద్దది కావాలంటే రత్నాంగి, సంగీతంలో రెండో మేళకర్త రాగం పేరు, మేనంతా రత్నంలా మెరిసేది అని అర్థం. మణితో వెళ్దామంటే మణిమాల. నవరత్న మాత్రం వద్దు, తలనూనె గుర్తొస్తుంది. ఇవేవీ నచ్చకపోయినా ఫరవాలేదు. మీరు అనుకున్న ఏ పేరునైనా గుమ్మంలో నిలబడి వీధి చివరికి వినపడేలా ఒకసారి కేకెయ్యండి. తెలుగులో పిలుపంటే చివర దీర్ఘం తియ్యాలి: ‘రత్నా’, ‘మణిమాలా’. హల్లుతో ఆగిపోయే పేర్లకి మనం ఎలాగూ ఒక ఊ తగిలిస్తాం, రాహుల్ రాహులూ అవుతాడు. పిలిచినప్పుడు నోరు తిరగకపోతే ఆ పేరు నెల తిరక్కుండా బుజ్జి అయిపోతుంది.

చివరగా కాగితాలు. అర్థం మీద పెట్టే శ్రద్ధలో సగం వీటి మీద పెడితే పిల్లలకి తర్వాత ఎన్నో తిప్పలు తప్పుతాయి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదైతే చాలు, పేరు అప్పటికి తేలకపోయినా నష్టం లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో. కాబట్టి బారసాల తేదీ చూసి కంగారు పడి తోచింది రాయించెయ్యకండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి బడికీ, ఆధార్‌కీ, పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువు ఈ జనన ధ్రువపత్రమే. అందులో ఇంగ్లీషు స్పెల్లింగు ఎలా పడితే అలానే అన్నిచోట్లా పాకుతుంది. సంఖ్యాశాస్త్రం చూసి అదనంగా ఒక అక్షరం ఇరికించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి, లేదా ఇప్పుడే ఇరికించి ఇక దాన్ని కదపకండి. త కి మనవాళ్ళు ‘టీ’ పక్కన ‘హెచ్’ వేస్తారు, ఉత్తరాదివాళ్ళు వెయ్యరు. అలవాటు ఏదైనా, హర్షిత్, నిషిత్ లాంటి పేర్లకి ఆ హెచ్ ఎంత మేలు చేసిందో అమెరికాలో ఉన్నవాళ్ళని అడగండి. అది లేకపోతే చివరి నాలుగక్షరాలు అక్కడ బూతు. ఇంటిపేరు పూర్తిగా రాయించండి, పొడి అక్షరంతో సరిపెట్టకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మీద ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సినచోట ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలే తన పేరనుకుని పిలిచే ఆఫీసువాళ్ళతో నా పాత విద్యార్థి ఒకడు ఇప్పటికీ వేగుతున్నాడు.